విత్తులు తీయించినా మగపోకడ పోని గుర్రం

కోనసీమలో కొత్తపేట దాటాక గోదావరి గట్టు దిగువన ఒక కొబ్బరితోటలో మా బావ గుర్రాలు కడతాడు. మాఘమాసంలో వెళ్ళేసరికి తోటంతా గోలగా ఉంది. బాద్షా అనే ఎర్ర మార్వాడీ గుర్రం మెడ నేలబారుగా చాచి, చెవులు వెనక్కి అణిచిపెట్టి, రెండు ఆడగుర్రాలను తోట మూలకు తోలుకుపోతోంది. వాటిలో ఒకటి ఉచ్చ పోసిన చోట బాద్షా ఆగింది. వాసన చూసి, తల పైకెత్తి, పై పెదవి ముడిచి పళ్ళు బయటపెట్టింది. ఆ తర్వాత అక్కడే తానూ పోసింది. గడ్డి వేయడానికి వెళ్ళిన కుర్రాడి భుజం మీద అప్పటికే ఒక పంటిగాటు కమిలి ఉంది.

బాద్షా నిండు మగగుర్రమైతే ఇందులో వింతేమీ లేదు. కానీ దానికి ఎనిమిది నెలల కిందటే విత్తులు తీయించారు.

"డబ్బులు దండగ బావా," అన్నాడు మా బావ. "ఒంట్లోంచి తీశారు గానీ దీని బుర్రలోంచి తీయలేదు."

ఉక్రోషంతో అన్నాడు గానీ ఆ మాటలో సగం శాస్త్రం ఉంది. మిగతా సగం కోసమే ఈ వ్యాసం.

కోనసీమలో గుర్రం అనగానే ముందు గుర్తొచ్చేది అంతర్వేది గుర్రాలక్క అమ్మవారు. అశ్వరూఢాంబిక అని అసలు పేరు. భీష్మ ఏకాదశినాడు నరసింహస్వామి రథం ఆమె గుడి దాకా వెళ్తుంది, చెల్లెలైన ఆమెకి స్వామి చీర పెట్టి వస్తాడు. ఆ తర్వాత గుర్తొచ్చేవి జట్కాలు. అవి పోయాయి. జట్కా తోలినవాళ్ళతో పాటే గుర్రం గుణం ఎరిగినవాళ్ళూ తగ్గిపోయారు. ఇప్పుడు గుర్రం కనిపిస్తే అది పెళ్ళి ఊరేగింపులోనో, తీర్థంలోనో, సరదాకి పెంచుకునే ఏ ఒకరిద్దరి తోటలోనో. ఆ కొనేవాళ్ళకి ఎద్దు గురించి తెలిసినదాంట్లో పావు వంతు కూడా గుర్రం గురించి తెలియదు. అందుకే ఎద్దు దగ్గర్నుంచే మొదలుపెడతాను.

ఎద్దుకు విత్తులు నొక్కడం మన పల్లెల్లో చాలామంది చూసే ఉంటారు. బుర్డిజో అనే పెద్ద పట్టకారు ఉంటుంది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఇటలీలో పుట్టిన పనిముట్టు. దాంతో తోలు తెగకుండా లోపలి నరాన్ని నలిపేస్తారు. రక్తం అందక కొన్ని వారాల్లో విత్తు ఎండి కుంచించుకుపోతుంది. ఒక పక్క నరం పట్టకారు నోట్లోంచి జారిపోయిందనుకోండి, ఆ పక్క విత్తు బతికే ఉంటుంది. అలాంటి ఎద్దు కాడి కింద ఉండి కూడా ఆవు వాసనకి మెడ తిప్పుతుంది. అనుభవం ఉన్న రైతు నెలో రెండు నెలలో ఆగి, చేత్తో తడిమి చూసి, "ఒక పక్క మిగిలిపోయిందిరా" అని చెప్పేస్తాడు.

గుర్రం దగ్గర ఈ తడిమే వీలు ఉండదు. గుర్రానికి నొక్కడం కాదు, మత్తిచ్చి, సంచి కోసి, రెండు విత్తులూ బయటికి లాగి, నరం నలిపి తెంచుతారు. తర్వాత చూసుకోవడానికి ఖాళీ తోలు తప్ప ఏమీ మిగలదు. రెండూ బయటికి వచ్చాయా లేదా అన్నది ఆరోజు అక్కడ ఉన్నవాళ్ళకే తెలియాలి.

అందుకే బాద్షాను చూడ్డానికి వచ్చిన పశువుల డాక్టరుగారు గుర్రం దగ్గరికి కూడా వెళ్ళకుండా, తోట గుమ్మంలోనే అడిగారు. "ఆపరేషన్ అప్పుడు మీరు దగ్గరున్నారా? రెండూ కళ్ళారా చూశారా?"

మా బావ నీళ్ళు నమిలాడు. "ఒకటి చూశానండి. రెండోది తీసే టైముకి టీ తేవడానికెళ్ళానండి."

నవ్వొచ్చే సమాధానమే, కానీ మొత్తం వ్యవహారం ఆ టీ దగ్గరే ఆగింది. ఎందుకో చెబుతాను.

గుర్రప్పిల్ల తల్లి కడుపులో సుమారు పదకొండు నెలలుంటుంది. మగపిల్లకు విత్తులు మొదట పొట్టలోనే, మూత్రపిండాల దగ్గర తయారవుతాయి. పుట్టడానికి నెల ముందు నుంచి పుట్టిన పది రోజుల లోపు కిందికి దిగి సంచిలోకి చేరతాయి. కొన్నింటిలో ఒకటి దిగదు. పొట్టలోనే ఉండిపోతుంది, లేదా దారి మధ్యలో గజ్జల్లో ఇరుక్కుంటుంది. లోపలి వేడికి అది వీర్యకణాలు తయారు చేయలేదు. కానీ టెస్టోస్టెరాన్ అనే మగ హార్మోను మాత్రం మామూలుగానే ఊరుతుంది. బయట కనిపించే ఒక్క విత్తూ తీసేసి, అయిపోయిందనుకుంటే, పిల్లల్ని పుట్టించలేని, పొగరు మాత్రం దిగని గుర్రం మిగులుతుంది. చేతులు మారి, సంతలు తిరిగి వచ్చిన గుర్రాల్లో ఈ అనుమానం ఎప్పుడూ ఉంచుకోవాలి. అమ్మేవాడు "కొట్టించిందేనండి, సాధుజంతువు" అనడం ఆ విషయానికి సాక్ష్యం కాదు.

తేల్చడానికి నెత్తురు పరీక్ష ఉంది. ఒకసారి నెత్తురు తీసి టెస్టోస్టెరాన్ చూస్తారు. అది ఎటూ తేలకపోతే విత్తును రెచ్చగొట్టే ఒక హార్మోను ఇంజెక్షన్ ఇచ్చి, కొంత వ్యవధి తర్వాత మళ్ళీ తీస్తారు. లోపల విత్తు దాక్కుని ఉంటే అంకె పైకి లేస్తుంది, లేకపోతే కదలదు. ఈమధ్య ఏఎంహెచ్ అనే మరో హార్మోను పరీక్ష కూడా వాడుతున్నారు. మగగుర్రంలో అది విత్తు నుంచే వస్తుంది కాబట్టి ఒక్క నమూనాతో సరిపోతుంది. మన దగ్గర మొదట 1962 నంబరుకు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది. లోపలి విత్తు వెతికి తీయాల్సిన ఆపరేషన్ మాత్రం తోటలో చెట్టు కింద చేసే పని కాదు. గన్నవరంలోని పశువైద్య కళాశాల లాంటి చోటికి వెళ్ళాల్సిందే.

గుర్రాలవాళ్ళ నోట ఇంకో మాట వినిపిస్తుంది. విత్తు వెనక అతుక్కుని ఉండే నాళంచుట్ట కొంచెం లోపల వదిలేస్తే గుర్రానికి పొగరు మిగులుతుందని. ఇది అమెరికాలోనూ ఉన్న నమ్మకమే. ఆ చుట్ట వీర్యకణాలు నిలవుండే చోటు, అంతే. హార్మోను ఊరేది విత్తులో. చుట్ట ముక్క మిగిలినా మగపోకడకి అది కారణం కాదు. ఆపరేషన్ చేసినవాళ్ళని తిట్టడానికి బాగా పనికొచ్చే నమ్మకం కాబట్టి ఇన్నాళ్ళూ బతికిందని నా అభిప్రాయం.

సరే, రెండూ పోయాయనే అనుకుందాం. విత్తులు తీసిన ఒకటి రెండు రోజుల్లోనే నెత్తుట్లో మగ హార్మోను బాగా పడిపోతుంది. పోకడ మాత్రం అంత తొందరగా పడిపోదు. వారాలు పట్టొచ్చు, నెలలు పట్టొచ్చు. పైగా అప్పటికే నాళాల్లో నిలవున్న వీర్యకణాలు కొన్నాళ్ళు ఉంటాయి కనుక ఆపరేషన్ అయిన వెంటనే ఆడగుర్రాల్లోకి వదిలితే సూడి కట్టే ప్రమాదం కూడా ఉంది. తక్కువలో తక్కువ నెల రోజులు వేరుగా ఉంచాలి. ఎక్కువ ఉంచితే ఇంకా మంచిది.

నెలలు గడిచినా కొన్ని గుర్రాలు మారవు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ శాఖలో లైన్, హార్ట్, శాండర్స్ అనే ముగ్గురు 1985లో దీని మీద ఒక పరిశీలన ప్రచురించారు. విత్తులు తీసిన గుర్రాల్లో 20 నుంచి 30 శాతం దాకా తోటి గుర్రాల మీద మగపోకడ చూపిస్తూనే ఉన్నాయని అందులో తేలింది. మనుషుల మీదికి వచ్చేవి సుమారు 5 శాతం. అన్నిటికంటే ఆశ్చర్యం కలిగించేది, రెండేళ్ళ లోపు తీయించినవాటికీ వయసొచ్చాక తీయించినవాటికీ ఈ లెక్కలో చెప్పుకోదగ్గ తేడా లేకపోవడం. అంటే లేగగా ఉన్నప్పుడే తీయించి ఉంటే ఇదంతా ఉండేది కాదని మా బావ పడే బాధకి పెద్దగా ఆధారం లేదు.

ఎందుకిలా? గుర్రం మంద జంతువు. మగగుర్రం ఆడవాటిని పోగుచేసి, మూలకు తోలి, ఇంకో మగదాన్ని దగ్గరికి రానివ్వకుండా కాపలా కాస్తుంది. ఆ పనికి కావాల్సిన అల్లిక పుట్టుకతోనే మెదడులో ఉంటుంది. హార్మోను దాన్ని బలంగా రగిలిస్తుంది, కానీ హార్మోను తీసేసినంత మాత్రాన అల్లిక ఊడిపోదు. మన ఇళ్ళలో ఎదకొచ్చిన ఆవు మీద ఇంకో ఆవు ఎక్కడం చూడలేదా? దానికేం విత్తులున్నాయని? అలాగే ఇదీ. దానికి తోడు బాద్షా అయిదేళ్ళు నిండు మగగుర్రంగా బతికింది. కరిస్తే మనిషి వెనక్కి తగ్గుతాడని, ముందు కాళ్ళు లేపితే తాడు వదిలేస్తాడని నేర్చుకుంది. ఆ నేర్చుకున్నది సంచిలో లేదు కదా.

జాన్ హెన్రీ అని అమెరికాలో ఒక పందెపు గుర్రం ఉండేది. 1975లో పుట్టింది. గోడకి తగిలించిన బకెట్లు పీకి, కాలితో తొక్కి అప్పచ్చులు చేసేదట. ఆ తొక్కుడు చూసే, ఉక్కు సుత్తితో కొండలు తవ్విన జానపద వీరుడి పేరు పెట్టారు. ఆ దుడుకు భరించలేక విత్తులు తీయించారు. దుడుకు తగ్గిందా అంటే లేదు, చివరిదాకా దగ్గరికొచ్చినవాళ్ళని కరవబోతూనే ఉంది. కానీ 83 పందేల్లో 39 గెలిచి, 65 లక్షల డాలర్లకు పైగా సంపాదించి, 1981లోనూ 1984లోనూ ఆ దేశపు ఏటి మేటి గుర్రం అనిపించుకుంది. ఒకప్పుడు 1,100 డాలర్లకి అమ్ముడుపోయిన గుర్రం అది. దాన్ని సాకినవాళ్ళు దాని గుణం మార్చడం మానేసి, ఆ గుణంతో మెలగడం నేర్చుకున్నారు.

మళ్ళీ బాద్షా దగ్గరికి వద్దాం. నెత్తురు పరీక్ష ఫలితం వచ్చింది. విత్తు ఏమీ మిగల్లేదు. టీకి వెళ్ళినప్పుడు రెండోదీ సవ్యంగానే వచ్చిందన్నమాట. మా బావ మొహం వాడిపోయింది. వింతగా ఉంటుంది గానీ, ఆ బాధ నాకు అర్థమైంది. లోపల ఏదో దాక్కుని ఉంటే ఇంకో ఆపరేషన్‌తో తేలిపోయేది. అలవాటు అని తేలితే రోజూ చాకిరీ చేయాల్సింది మనమే.

డాక్టరుగారు అక్కడితో ఆగలేదు. నోరు తెరిపించి దవడ పళ్ళు చూశారు. గుర్రం పళ్ళు జీవితమంతా చిగుళ్ళలోంచి పైకి వస్తూ, అరుగుతూ ఉంటాయి. సరిగా అరగకపోతే అంచులు కత్తుల్లా తేలి బుగ్గని కోస్తాయి. కళ్ళెం లాగినప్పుడల్లా ప్రాణం పోయినంత పనవుతుంది. తర్వాత అంగం తొడుగు కడిగించారు. విత్తులు తీసినా అక్కడ మురికి పేరుకుంటుంది, ఒక్కోసారి లోపల చిక్కుడుగింజంత ఉండ కట్టి మూత్రం దగ్గర బాధ పెడుతుంది. బాద్షాకీ అలాంటి ఉండ ఒకటి వచ్చింది. నొప్పితో విసుక్కునే గుర్రాన్ని మనం పొగరుబోతు అనేస్తాం. కడుపులో పుండ్లున్నా, వీపు మీద జీను ఒరుసుకుని వాచినా అదే తంతు.

తర్వాత తిండి. తొట్టిలో ఉలవ గుగ్గిళ్ళు పొగలు కక్కుతున్నాయి. పూటకి ఎంత వేస్తున్నావని అడిగితే మా బావ గర్వంగా దోసిలి చూపించాడు, నాలుగు వేళ్ళు ఎత్తాడు. పని ఏమిటంటే, వారానికి ఒకరోజు రాత్రి ఊరేగింపు. మిగతా ఆరు రోజులూ కొబ్బరిచెట్టుకి కట్టేసి ఉంటుంది. గుగ్గిళ్ళ బలం ఎటు పోవాలి? గుర్రం పొట్ట రోజంతా కొంచెం కొంచెంగా గడ్డి నమలడానికి కట్టింది. 350 కిలోల గుర్రానికి రోజుకి ఎండు లెక్కన అయిదు నుంచి ఏడు కిలోల మేత కావాలి. పచ్చగడ్డిలో ముప్పాతిక వంతుకు పైగా నీళ్ళే కనుక అది ఇంకా ఎన్నో రెట్లు వేయాలి. వరిగడ్డి ఒక్కదానితో సరిపెట్టకూడదు. అందులో సారం తక్కువ, కడుపులో గట్టిపడే భయమూ ఉంది. పని లేని రోజుల్లో గుగ్గిళ్ళు తగ్గించి, మేత పెంచి, ఉదయం గంటసేపు గట్టు మీద నడిపించమని డాక్టరుగారు చెప్పారు. ఈ ఒక్క మార్పుకే రెండు వారాల్లో గుర్రం కొంత కుదుటపడింది.

అసలు మందు మాత్రం ఎడం. ఆడగుర్రం సుమారు 21 రోజులకోసారి ఎదకొస్తుంది, అయిదు నుంచి ఏడు రోజులు ఉంటుంది. చలిదేశాల్లో పగలు కురచైన శీతాకాలంలో ఈ చక్రం ఆగుతుంది. మనలాంటి వేడి ప్రాంతంలో ఆ తేడా అంత స్పష్టంగా ఉండదు కాబట్టి, సీజను దాటితే అదే తగ్గుతుందని కూర్చుంటే కుదరదు. మా బావ ఆడవాటి ఎద రోజుల్ని గోడ కేలండర్ మీద పెన్సిలుతో చుట్టడం మొదలుపెట్టాడు. రెండు గుర్రాలనీ తోట అవతలికి, బోదె దాటించి కట్టించాడు. మధ్యలో ఒక్క వెదురు దడి ఉంటే చాలదు. దడి మీదుగా ముక్కులు రాసుకుని, కీచుమని అరిచి, ముందు కాళ్ళతో కొట్టుకుంటాయి. దడి కడితే రెండు వరసలు కట్టి మధ్యలో ఒక మనిషి చేతులు చాపి నడిచేంత వెడల్పు వదలాలి. ఈనిన గుర్రం ఉంటే ఇంకా జాగ్రత్త, ఇలాంటి గుర్రాలు పిల్లల మీద పడి చంపిన సందర్భాలున్నాయి.

ఎడం అన్నానని ఒంటరిగా కట్టేయమని కాదు. ఒంటరి గుర్రం ఇంకా పాడవుతుంది. బాద్షా పక్కన విత్తులు తీయించిన ముసలి తెల్లగుర్రాన్ని పెట్టారు. మొదటి రెండు రోజులు కొరుక్కున్నాయి. మేత ఒకే కుప్పగా వేస్తున్నారని గమనించి, రెండు గుర్రాలకి మూడు కుప్పలు వేశాక కొట్లాట తగ్గింది. ఒకటి తరిమినా రెండోదానికి వెళ్ళడానికి ఇంకో కుప్ప ఉంటుంది.

ఇక మనిషి సంగతి. కుర్రాడు రోజూ బెల్లంముక్క అరచేతిలో పెట్టి తినిపిస్తాడు, మూతి నిమురుతాడు, పెదాలతో వేళ్ళు లాగితే నవ్వుతాడు. అదే గుర్రం మర్నాడు భుజం పట్టుకుంటే కర్ర తీస్తాడు. ఏది ఆటో ఏది తప్పో గుర్రానికి ఎలా తెలుస్తుంది? మూతి దగ్గర ఆటలు మానేయాలి. బెల్లం తొట్టిలో వేయాలి. నడిపించేటప్పుడు దాని ముందు కాదు, భుజం పక్కన ఉండాలి. మూతి తిప్పి కరవబోతే మోచెయ్యి అడ్డంపెట్టి, ఆ క్షణమే నాలుగడుగులు వెనక్కి నడిపించాలి. తర్వాత గుర్తుపెట్టుకుని కొట్టడం వల్ల లాభం లేదు, ఎందుకు కొట్టారో దానికి తెలియదు. మొహం మీద కొడితే మరీ నష్టం. కొన్ని గుర్రాలు దాన్ని ఆటగా తీసుకుంటాయి, కొన్ని చెయ్యెత్తితే చాలు బెదిరి లేస్తాయి. తోటలో ముగ్గురు మనుషులుంటే ముగ్గురిదీ ఒకటే పద్ధతి కావాలి. మా బావ ఇంట్లో ఇదే అన్నిటికంటే కష్టమైంది. మా అక్క ఎవరూ చూడకుండా అరటిపండు పెట్టేది.

ఊరేగింపుల్లో ఆడగుర్రం ముందుంటే కనీసం రెండు గుర్రాల దూరం ఉంచాలి. వ్యాన్‌లో పక్కపక్కన ఎక్కించకూడదు. బ్యాండూ బాణసంచా మధ్య ఇది ఒక్కసారి పైకి లేస్తే, వీపు మీద పెళ్ళికొడుకు, చుట్టూ పిల్లలు. ఎద రోజుల్లో ఉన్న ఆడగుర్రంతో కలిపి బుక్ చేస్తే ఆ బేరం వదులుకోవడమే మేలని మా బావతో అన్నాను. విన్నాడో లేదో చెప్పలేను.

మందులు లేవా అంటే ఉన్నాయి. ఆడ హార్మోను రకం మందులు కొన్ని గుర్రాల్ని కొంత చల్లబరుస్తాయి. విత్తు ఉన్నవాటిలో దాని పని ఆపే టీకాలు కూడా కొన్ని దేశాల్లో వాడతారు. కానీ విత్తే లేని బాద్షాకి ఆ టీకా వల్ల ఒరిగేదేమీ లేదు. గేదెలకి వాడిన ఇంజెక్షన్ మిగిలిందని గుర్రానికి పొడిచేవాళ్ళూ ఉన్నారు, ఆ పని మాత్రం చేయకండి. మోతాదు, అవసరం డాక్టరే చెప్పాలి.

వైశాఖంలో మళ్ళీ వెళ్ళాను. కుర్రాడు బాద్షా వెనక కాలు మోకాళ్ళ మీద పెట్టుకుని గిట్టలో మట్టి గీకుతున్నాడు. బోదె అవతల నుంచి ఆడగుర్రం సకిలించింది. బాద్షా తల ఎత్తి, పై పెదవి ముడిచి, ఒక్క కేక పెట్టింది. కుర్రాడు తల తిప్పకుండానే "ఆయ్, విన్నాంలే" అని, కాలు కింద పెట్టి, రెండోది పైకెత్తాడు.